మనం ఎక్కే రైలు, మన కౌంటీ

మాది న్యూజెర్సీలో మిడిల్‌సెక్స్ కౌంటీ. ఎన్నో ఏళ్ళు రోజూ మెట్రోపార్క్‌లో రైలెక్కి న్యూయార్క్‌లో ఉద్యోగానికి వెళ్ళొచ్చాను. కౌంటీ అంటే రాత్రి పడుకునే చోటు, అంతే. ఒకరోజు మా అమ్మాయి, "నాన్నా, మన ఊరి చరిత్ర రాసుకు రమ్మన్నారు" అంది. గుంటూరు గురించైతే గంటసేపు చెప్తాను గానీ, ఇక్కడి సంగతి నోరు పెగల్లేదు. ఇద్దరం లైబ్రరీకి వెళ్ళాం.

ఇది లెనాపీల నేల. కౌంటీగా ఏర్పడింది 1683లో. ముఖ్య పట్టణం న్యూబ్రన్స్‌విక్, రారిటన్ నది ఒడ్డున ఉంది. 1876లో థామస్ ఎడిసన్ ఇక్కడి మెన్లో పార్క్‌లో ప్రయోగశాల పెట్టాడు. 1879 డిసెంబరు 31 రాత్రి ఆయన విద్యుద్దీపాలు చూడ్డానికి జనం ప్రత్యేక రైళ్ళలో వచ్చారు. 1954లో రారిటన్ టౌన్‌షిప్ పేరు ఎడిసన్‌గా మారింది. 1948లో మొదలైన ఫోర్డ్ కార్ల ఫ్యాక్టరీ 2004లో మూతపడింది. కారు ఆపి రైలెక్కేవాళ్ళ కోసం మెట్రోపార్క్ స్టేషన్ 1971లో తెరిచారు. ఆ తర్వాతే ఓక్ ట్రీ రోడ్డులో మన దుకాణాలు వెలిశాయి. 2020 లెక్కల్లో కౌంటీ జనాభా 8,63,162.

నేను వెలుగుల నగరానికని రోజూ ఎక్కింది, ఒకప్పుడు జనం వెలుగు చూడ్డానికి ఇటు వచ్చిన ఆ రైలుదారేనన్నమాట! మనకిది మజిలీ కావచ్చు, మన పిల్లలకు మాత్రం సొంతూరు. దీని కథ వాళ్ళకి మనమే చెప్పాలి కదండీ.