దబ్బనం, పురికొస, చందమామ

బొమ్మల కథల పుస్తకాలు దాచుకునే పిచ్చి నాకు మా అమ్మనుంచి వచ్చింది. నగలు అక్కలకి వెళ్ళాయి, పిచ్చి నాకు మిగిలింది. ఆ పంపకంలో నేనేం నష్టపోలేదనే అనుకుంటాను.

1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసునుంచి ‘చందమామ’ మొదలుపెట్టారు, తెలుగులోనూ తమిళంలోనూ. పేరుకి పిల్లల పత్రికే. కాని ఇంటికి రాగానే ముందు చదివేదెవరో మీకు నేను చెప్పాలా? పొయ్యిమీద పప్పు వుడికేలోగా అమ్మ బేతాళ కథ పూర్తిచేసేది. మా చేతికి వచ్చేసరికి రాజకుమారి బుగ్గమీద పసుపు వేలిముద్ర వుండేది!

1952 నుంచి, 1980లో పోయేదాకా, కొడవటిగంటి కుటుంబరావుగారు ఆ పత్రికని తీర్చిదిద్దారు. అందులో ఒక చిత్రం ఏమిటంటే, బొమ్మల మూలన చిత్రా, శంకర్, వపా అని సంతకాలు కనిపించేవి గాని, సీరియల్ రాసినవాళ్ళ పేరు కనిపించేది కాదు. ‘తోకచుక్క’ రాసింది దాసరి సుబ్రహ్మణ్యంగారని నాకు తెలిసేటప్పటికి నా జుట్టు నెరిసింది. అందుకే మేం కథల్ని బొమ్మల్నిబట్టే గుర్తుపెట్టుకున్నాం. విక్రమార్కుడంటే నాకిప్పటికీ చేత కత్తి, భుజాన శవం, శంకర్‌గారి గీత.

సీరియల్ ముగియగానే అమ్మ దాచిన సంచికలన్నీ తీసి, ఆ పేజీలు మాత్రం చింపి, వరసగా పేర్చి, దబ్బనంతో పొడిచి పురికొసతో కుట్టేది. పైన మైదా జిగురుతో అంటించిన పాత కేలండరు అట్ట. పుస్తకం తయారు! వీధి వీధంతా అరువు పట్టుకెళ్ళేవారు.

ఇందులో ఒక పాపం కూడా వుంది. చింపిన కాగితం వెనకవున్న మరో కథకి తలో తోకో తెగేది. మిగిలిన సంచిక పాతకాగితాలవాడి తక్కెడలోకి. వపాగారి ముఖచిత్రాలూ దానితోబాటే వెళ్ళాయి. ఇప్పుడు పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది. 2020లో శంకర్‌గారూ పోయారు. చిరగని పాత సంచిక దొరికితే కళ్ళకద్దుకునేవాళ్ళున్నారు. అమ్మ బైండులో ఏ నెలో, ఏ సంవత్సరమో చూద్దామన్నా లేదు. చరిత్ర రాసేవాళ్ళకి అదొక చిత్తుకాగితాల కట్ట.

మొన్న మా అక్క కొడుకు వచ్చి, “పిన్నీ, కుట్లు విప్పితే పేజీలు చక్కగా స్కాన్ చేస్తాను” అన్నాడు. పేజీలు తీసుకో, కుట్లు విప్పడానికి వీల్లేదన్నాను. కుట్టుదగ్గర పేజీకి రెండుమూడు అక్షరాలు మడతలోకి పోయాయి, కనబడవు.

“మరి ఇవెలా?” అన్నాడు.

“నువ్వు రాసుకో, నేను చెప్తాను” అన్నాను. అమ్మ పైకి చదువుతుంటే విన్నవి, ఒక్కటీ తప్పిపోలేదు.