మీట్స్ అండ్ బౌండ్స్

స్థిరాస్తిని హద్దుల వెంట ఒక చుట్టు తిరిగి వర్ణించే పద్ధతిని ఇంగ్లీషు న్యాయభాషలో 'మీట్స్ అండ్ బౌండ్స్' అంటారు. వర్ణన ఒక గుర్తు దగ్గర మొదలవుతుంది. అక్కణ్ణుంచి ఏ దిక్కుగా ఎంత దూరం, ఆపైన ఏ వాగు వెంట, ఏ గోడ వెంట అని చెప్పుకుంటూ మళ్లీ మొదటి గుర్తుకే చేరాలి. చేరకపోతే ఎక్కడో తప్పు దొర్లినట్టే. అమెరికా సర్వేయర్ల వాడుకలో దిక్కు, దూరం కొలిచి చెప్పేవి మీట్స్. వాగు, దారి, పక్క ఆసామి గోడ వంటివి బౌండ్స్.

నార్మన్లు ఇంగ్లండును గెలిచాక అక్కడి న్యాయస్థానాల్లో ఫ్రెంచి శతాబ్దాలపాటు నడిచింది. ఈ జంటపదం ఆ భాషనుంచి వచ్చినదే. పద్ధతి మాత్రం అంతకన్నా పాతది. ఆంగ్లో-సాక్సన్ దానపత్రాల్లో దానం సంగతి లాటిన్‌లో ఉన్నా, హద్దుల భాగం తరచు స్థానిక భాషలోనే ఉండేది. తూర్పు చాళుక్యుల సంస్కృత తామ్రశాసనాల్లోనూ పొలిమేరలు చెప్పేచోట తెలుగు మాటలు కనిపిస్తాయి. ఇది ఊరికే జరిగింది కాదనిపిస్తుంది: చెట్టునూ గుంటనూ గుర్తుపట్టి సాక్ష్యం చెప్పవలసింది ఊరివాళ్లే కదా.

పటాలు అరుదైన ఆ కాలంలో హద్దుకు జ్ఞాపకమే ఆధారం. ఇంగ్లండు పారిష్‌లలో ఏసుక్రీస్తు స్వర్గారోహణ పండుగ రోజుల్లో పెద్దలు పిల్లల్ని వెంటబెట్టుకుని పొలిమేర చుట్టి, హద్దురాళ్లను బెత్తాలతో కొట్టేవారు. చోటు మరిచిపోకుండా ఒక్కోసారి పిల్లలకూ దెబ్బలు పడేవి. ఆ పిల్లలే ముసలితనంలో సాక్షులయ్యేవారు.

1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన 66 అడుగుల గొలుసు కొలతను సులువు చేసింది. గొలుసుకు 100 లింకులు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం. తెలుగు రైతు లెక్కగట్టే సెంటు అంటే 1000 చదరపు లింకులే.

ఈ పద్ధతి బలహీనత బాగా బయటపడింది అమెరికాలోని కెంటకీలో. ఎవరికి వారు చెట్టునో వాగునో గుర్తు పెట్టుకుని కొలిపించుకోవడంతో ఒకరి పట్టా మీద ఇంకొకరి పట్టా పడింది. చెట్లు కూలాయి, వాగులు దారి మార్చుకున్నాయి, దిక్సూచి చూపే ఉత్తరం కూడా ఏళ్లు గడిచేకొద్దీ జరిగింది. అబ్రహాం లింకన్ తండ్రి థామస్ 1816లో కుటుంబంతో ఇండియానాకు తరలిపోవడానికి ఈ హక్కుల తగాదాలు ఒక ముఖ్య కారణం. ఇండియానాలో 1785 నాటి చట్టం ప్రకారం భూమిని ముందే చదరాలుగా కొలిచి అమ్మేవారు.

భారతదేశంలో సర్వే నంబర్లు వచ్చినా హద్దుల వర్ణన పోలేదు. తెలుగునాట దస్తావేజు షెడ్యూల్లో సర్వే నంబరు, విస్తీర్ణంతోపాటు నాలుగు దిక్కుల చెక్కుబందీ ఉంటుంది. అయితే అందులో దిక్కుకొక పొరుగు పేరే తప్ప మలుపు మలుపుకూ కొలత ఉండదు కాబట్టి, దాన్ని పూర్తి మీట్స్ అండ్ బౌండ్స్ అనడం సరికాదు.

ఇక్కడ ఈ మాట అసలు బరువు భాగపంపిణీ దావాల్లో తెలుస్తుంది. ఉమ్మడి కుటుంబం విడిపోవడం వేరు, భూమి విడిపోవడం వేరు. మద్రాసు రాజధానినుంచి వెళ్లిన అప్పోవియర్ కేసులో 1866లో ప్రీవీ కౌన్సిల్ ఈ తేడాను స్పష్టం చేసింది: వాటాలు నిర్ణయించుకుని వేరుపడాలని ఒప్పుకుంటే చాలు, పొలం కోసుకోకపోయినా ఉమ్మడి హోదా పోతుంది. నేలమీద గట్టు వేసే పని తరవాతది. దానికే 'మీట్స్ అండ్ బౌండ్స్ ప్రకారం పంపకం' అని పేరు. కోర్టు ముందు ప్రాథమిక డిక్రీలో వాటాలు తేలుస్తుంది. ఆపైన కమిషనర్ స్థలానికి వెళ్లి భూమి మంచిచెడ్డలు చూసి భాగాలు వేస్తాడు. తుది డిక్రీ దాన్ని ఖాయం చేస్తుంది. ప్రభుత్వానికి శిస్తు కట్టే భూముల విభజనను సివిల్ ప్రొసీజర్ కోడ్ 54వ సెక్షన్ కలెక్టరుకు అప్పగించింది.

హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన కుదరనప్పుడు, హద్దులు స్పష్టంగా ఉంటే సాధారణంగా వాటికే కోర్టులు విలువ ఇస్తాయి. హద్దులే అస్పష్టంగా ఉన్నప్పుడు విస్తీర్ణాన్నీ సర్వే నంబర్లనూ చూస్తాయి.