పటమట కంటే ముందు ముదునూరు

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర నాస్తిక కేంద్రం ఎక్కడని అడిగితే చిరునామా చెప్పేవాళ్లు దొరుకుతారు. అదే కేంద్రం మన ఉయ్యూరు పక్కనున్న ముదునూరులో పుట్టిందని మా తోట్లవల్లూరు కుర్రాళ్లతో అనండి, "మన ముదునూరేనా?" అని ఎదురు అడుగుతారు. మన ముదునూరే. 1940 ఆగస్టు 10న అక్కడే మొదలైంది. 1947లో విజయవాడలోని పటమటకు మారింది. నాస్తిక కేంద్రం మీద వచ్చే ఇలాంటి ప్రత్యేక సంచికల్లో ముదునూరుకు ఒక పేరా దక్కుతుంది, మిగతా పేజీలన్నీ బెజవాడవి. నాకు మాత్రం ఆ ఏడేళ్ల పల్లె కాపురంలోనే ఈ సంస్థ పనితీరు ఖాయమైపోయిందనిపిస్తుంది.

కేంద్రం స్థాపకులు, గోరాగా అందరికీ తెలిసిన గోపరాజు రామచంద్రరావుగారు 1902 నవంబరు 15న ఛత్రపురంలో పుట్టారు. చదివింది వృక్షశాస్త్రం. మదురై, కోయంబత్తూరు, కొలంబో తిరిగి కాకినాడ పి.ఆర్. కళాశాలలో పాఠాలు చెబుతుండగా, దేవుడు లేడన్నందుకు 1933లో ఉద్యోగం పోయింది. తర్వాత మచిలీపట్నం హిందూ కళాశాల. అక్కడా అదే కథ. ఆ తర్వాత ఇంకో కళాశాల గడప తొక్కలేదు. ముదునూరు రమ్మంటే భార్యాబిడ్డలతో సహా వచ్చేశారు. అది అన్నే అంజయ్యగారి లాంటి స్వాతంత్ర్య సమరయోధుల ఊరు, కొత్త మాట చెప్పేవాళ్లకు కూర్చోమని పీట వేసే ఊరు.

గోరా భార్య సరస్వతిగారి గురించి వేరే చెప్పాలి. పదేళ్ల వయసులో పెళ్లయిన ఆమె, కొలంబోలో ఉన్నప్పుడు కడుపుతో ఉండి గ్రహణం చూశారు. ఇవాళ్టికీ మా వీధుల్లో గ్రహణం పూట గర్భిణిని గది దాటనివ్వరు. 1920ల్లో ఆ పని చేయడానికి ఎంత గుండె కావాలో ఆడవాళ్లకే తెలుస్తుంది. భర్త సిద్ధాంతం వల్లించడం ఒక ఎత్తు, దాన్ని తన ఒంటి మీదికి తెచ్చుకోవడం ఇంకో ఎత్తు.

ఇక ముదునూరు పున్నమి భోజనాలు. సహపంక్తి భోజనం అనేది ఆనాటికి వినని మాటేమీ కాదు. హరిజనోద్ధరణ పేరుతో ఒక పూట పంక్తి వేసి, ఉపన్యాసం ముగించి, ఎవరి వాడకు వాళ్లు వెళ్లిపోవడం జిల్లాలో చూసిందే. గోరా చేసిన మార్పు చిన్నది, కానీ గట్టిది. ఏడాదికోసారి కాదు, నెలనెలా పున్నమికి. చాటుమాటుగా కాదు, ఆరుబయట. కూర్చున్న ప్రతివారూ తమ అన్నం ఖర్చు తాము ఇచ్చుకోవాలి. ఒకరు పెడితే ఇంకొకరు తినే చోట పెట్టేవాడి చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది. ఎవరి డబ్బు వారు పెట్టుకుంటే ఇక దాత ఎవరు, దానం పట్టేదెవరు? కులం వద్దని చెప్పినవాళ్లు ఎందరో ఉన్నారు. దయ కూడా వద్దన్నవాళ్లు తక్కువ. పప్పు, అన్నం, మజ్జిగ దగ్గర ఆ మాట తేలిపోయింది. వెన్నెల ఉంది గనక దీపాల బాధ కూడా లేదు.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. గోరా జైలుకు వెళ్లారు. సరస్వతిగారు పసివాడైన కొడుకు నియంతను చంకనెత్తుకుని రాయవెల్లూరు జైలుకు వెళ్లారు. ఈ ఇంటి పిల్లల పేర్లలో దేశచరిత్ర కనిపిస్తుంది. ఉప్పు సత్యాగ్రహం నాటివాడు లవణం, రెండో ప్రపంచ యుద్ధం నాటివాడు సమరం. తొమ్మిదో సంతానానికి వచ్చేసరికి ఓపిక అయిపోయిందేమో, ఏకంగా నౌ (హిందీలో తొమ్మిది) అని పెట్టేశారు.

1944లో గోరా సేవాగ్రాం వెళ్లి గాంధీజీతో దేవుడి గురించీ అంటరానితనం గురించీ మాట్లాడారు. పెద్ద కూతురు మనోరమను హరిజన యువకుడు అర్జునరావుకు ఇచ్చి చేయాలనుకుంటే, ఆ పెళ్లి తన ఆశ్రమంలోనే జరిపిస్తానని గాంధీజీ మాట ఇచ్చారు. ఆయన హత్య తర్వాత, 1948 మార్చిలో, ఆశ్రమం ఆ మాట నిలబెట్టింది. లవణంగారు గుర్రం జాషువాగారి కుమార్తె హేమలతను చేసుకున్నదీ సేవాగ్రాంలోనే, 1960లో.

పటమటకు వచ్చాక పనులు కొమ్మలేశాయి. 'సంఘం' పత్రిక, 1972లో ప్రపంచ నాస్తిక మహాసభ, స్టూవర్టుపురంలో హేమలతా లవణం దంపతుల సంస్కరణ కృషి, నిజామాబాదు జిల్లాలో జోగినీల కోసం పోరాటం. ఒక్కోదానికీ ఒక్కో వ్యాసం కావాలి. నిప్పుల గుండం ప్రదర్శనల గురించి మాత్రం రెండు ముక్కలు చెబుతాను, ఎందుకంటే మా వైపు జాతరల్లో గుండం తొక్కడం ఇప్పటికీ ఉంది. అందులో మంత్రం లేదని వీళ్లు స్వయంగా నడిచి చూపించారు. బూడిద పట్టిన కర్రబొగ్గు వేడిని నెమ్మదిగా వదులుతుంది. అడుగు దానిమీద ఆనేది క్షణం లోపే. ఆగకుండా నడిస్తే భక్తుడి కాలైనా నాస్తికుడి కాలైనా ఒకటే. నిలబడ్డారో, ఇద్దరికీ బొబ్బలే.

నగరంలో ఎక్కువ మందికి అందింది వాసవ్య మహిళా మండలి. 1969లో పెట్టారు. గోరా కుమార్తె చెన్నుపాటి విద్యగారు దాన్ని నడిపిస్తూనే విజయవాడ నుంచి 1980లో, 1989లో లోక్‌సభకు గెలిచారు. ఆడవాళ్లకు చేతిపని నేర్పడం, కాపురాల తగాదాల్లో సలహా చెప్పడం, తర్వాత కాలంలో హెచ్‌ఐవీ సోకినవారిని, వారి పిల్లలను దగ్గరకు తీయడం. ఆ జబ్బు పేరు చెబితేనే జనం దూరం జరుగుతున్న రోజులవి. ఇక డాక్టర్ సమరం సంగతి. ఆయన లైంగిక విజ్ఞాన శీర్షికను పెద్దలు ముందు చదివేసి, పిల్లల కంట పడకుండా పత్రికను అటకెక్కించిన ఇళ్లు తెలుగునాట ఎన్నో!

1977 నవంబరు 19 ఉప్పెన నాస్తిక కేంద్రాన్ని మళ్లీ డెల్టాకు లాక్కొచ్చింది. హంసలదీవి, సొర్లగొంది వైపు ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. అధికార లెక్కలే పదివేల ప్రాణాలు పోయాయన్నాయి. గోరా అప్పటికి రెండేళ్ల క్రితమే, 1975 జూలైలో పోయారు. కేంద్రం మనుషులు సహాయానికి దిగారు. దివిసీమకు దగ్గర్లోని ఘంటసాల మండలం శ్రీకాకుళంలో ఆర్థిక సమతా మండలి నిలదొక్కుకున్నది ఆ ఉప్పెన తర్వాతే. బియ్యం పంచి వెళ్లిపోయిన సంస్థలు ఎన్నో ఉండగా, ఇది ఊళ్లోనే ఉండిపోయింది. అలా ఉండిపోవడం ముదునూరులో అబ్బిన గుణమేనని నేనంటాను.

సంపాదకులను ఒకటి అడుగుతాను. పటమట ఫోటోలు ఇప్పటికే చాలా అచ్చయ్యాయి. వచ్చే సంచిక కోసం ఎవరినైనా ముదునూరు పంపండి. ఆ పున్నమి పంక్తిలో కూర్చున్నవారి పిల్లలు, మనవలు ఉంటారు. వంట ఎవరు చేశారు, ఏ వీధి వాళ్లు రాలేదు, వచ్చినవాళ్లను మర్నాడు ఇంట్లో ఏమన్నారు, అన్నీ అడిగి రాయించండి. రానివాళ్ల ఇళ్లకూ వెళ్లండి.