వృత్తిపాఠము: తొరపల్లి నుండి సిప్కాట్ దాక

హోసూరు చెంతనున్న తొరపల్లిలో 1878లో జన్మించిన రాజాజీ బాల్యమున ఈ పట్టణముననే చదువుకొనిరి. పనికీ బడికీ గల సంబంధమును గూర్చి మన ప్రాంతమున ఎవరు వ్రాసినను ఆయనతోనే మొదలిడవలెను.

మద్రాసు ముఖ్యమంత్రిగా 1953లో ఆయన గ్రామీణ ప్రాథమిక పాఠశాలలకు ఒక పథకము ప్రవేశపెట్టిరి. దినమునకు మూడు గంటలే బడి. తక్కిన వేళ పిల్లలు తల్లిదండ్రుల వృత్తి నేర్చుకొనవలెను. రెండు పూటలు బడి నడిపినచో ఉన్న గదులలోనే ఎక్కువమంది చదువుకొందురని ఆయన తలంపు. కాని కుమ్మరి బిడ్డ సారెను దాటి పోలేడనియు, ఇది కులవిద్యయే యనియు ద్రావిడ కళగమువారే గాక కాంగ్రెసులోనివారును ఎదిరించిరి. 1954లో రాజాజీ పదవి వీడగా కామరాజ్ ప్రభుత్వము దానిని రద్దుచేసినది. ఆ విమర్శ న్యాయమైనదనియే నా అభిప్రాయము. బిడ్డ ఏ పని చూడవలెనో పుట్టుక నిర్ణయింపరాదు.

తరువాత సిప్కాట్ వచ్చినది. 1980వ దశకములో మోపెడ్లు, లారీలు, టైటాన్ గడియారములు ఇక్కడ తయారు కాసాగినవి. ఆ పని తెలిసినవారు ఒక పూట మన మూడవ తరగతికి వచ్చి, పనిముట్లు చూపి, పిల్లల ప్రశ్నలకు బదులు చెప్పిన చాలును. రైతుబిడ్డ గడియారపు లోపలి చక్రములను చూచును. కార్మికుని బిడ్డకు గులాబీతోట రైతు అంటుకట్టుట చూపును. అట్టి పూర్వవిద్యార్థులు మనకు కొరవడలేదు. శనివారపు మధ్యాహ్నములు ఇందుకు ఖాళీగానే ఉంచితిమి.