మగ్గం హోరు, చెవిలో పాట: వినికిడి రక్షణ చరిత్ర

ఈ పాఠం చదివిన తరవాత మీరు మూడు విషయాలు చెప్పగలగాలి. పెద్ద శబ్దం వల్ల చెవుడు వస్తుందని మొదట ఎవరు, ఎక్కడ గమనించారు? హెడ్‌ఫోన్ రాకతో వినే అలవాటు ఎలా మారింది? మీ చెవులకు రోజూ ఎంత శబ్దం సోకుతున్నది?

1. పరిచయం

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం బెంగుళూరుకు పోయే ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి. ఈ రైళ్ళలో పనికి వెళ్ళేవారిని చూడండి. చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉంటాయి. మరమగ్గాల షెడ్డులోకి తొంగి చూసినా అదే దృశ్యం. మీలో చాలామంది పనిచేస్తూ చదువుకుంటున్నవారు. కొందరు మన ఆడియో పాఠాలను కూడా ఇలాంటి చోట్లే వింటూ ఉంటారు. అందువల్ల ఇది ఎవరో ఇతరుల చరిత్ర కాదు, మీది కూడా.

వినికిడి నష్టానికి రెండు చరిత్రలున్నాయి. ఒకటి పనిది, మరొకటి వినోదానిది. మొదటిది మూడు వందల ఏళ్ళకు పైబడినది, రెండోది ఇటీవలిది. మన ప్రాంతపు మగ్గాల షెడ్డులో ఈ రెండూ ఒకే చెవిలో కలుస్తున్నాయి. ఈ పాఠంలో ప్రధానాంశం అదే.

2. పని తెచ్చిన చెవుడు

వృత్తి రోగాల మీద తొలి సమగ్ర గ్రంథాన్ని 1700లో ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని ప్రచురించాడు. వెనిస్‌లో రాగి పాత్రలు కొట్టే కంసాలులు సుత్తి మోతకు క్రమంగా చెవిటివారవుతున్నారని ఆయన రాశాడు. అయితే అప్పటికి అది కొన్ని వృత్తులకే పరిమితమైన బాధ. ఆవిరి యంత్రాలు వచ్చాక వేలమంది ఒకే కప్పు కింద, ఒకే హోరులో పనిచేయవలసి వచ్చింది. 1886లో గ్లాస్గో వైద్యుడు థామస్ బార్ వందమంది బాయిలర్ కార్మికుల వినికిడిని గడియారపు టిక్‌టిక్ శబ్దంతో పరీక్షించాడు. ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్ల వినికిడితో దాన్ని పోల్చాడు. ఇలా ఒక వృత్తివారిని మరొక వృత్తివారితో పోల్చి చూడడం వల్ల, చెవుడు విధిరాత కాదు, పనిస్థలం తెచ్చిన నష్టం అని రుజువు చేసే దారి ఏర్పడింది.

నేతపనికి ఈ చరిత్రలో ప్రత్యేక స్థానం ఉంది. ఇంగ్లండులోని లాంకషైర్ నూలు మిల్లుల్లో స్త్రీలు మగ్గాల హోరులో మాట వినబడక, పెదవుల కదలికను చదువుతూ మాట్లాడుకునేవారు. స్కాట్లండులోని డండీ జనపనార మిల్లుల నేతకత్తెల వినికిడిపై 1965లో ఒక అధ్యయనం వెలువడింది. మగ్గం దగ్గర గడిపిన ఏళ్ళు పెరిగేకొద్దీ వినికిడి నష్టం పెరుగుతుందని అది చూపింది.

ఇప్పుడు ధర్మవరం వద్దాం. పట్టుచీరలు నేసే గుంట మగ్గానికీ శబ్దం ఉంది. కానీ అది నేతగాడి చేతి లయ. చెయ్యి ఆగితే చప్పుడూ ఆగుతుంది. మరమగ్గం అలా కాదు. మోటారు తిరిగినంతసేపూ నాడె కొట్టుకుంటూనే ఉంటుంది. పక్కపక్కన అలాంటివి నాలుగైదు, పైన రేకుల కప్పు. మరమగ్గాల వల్ల చేనేతకు కలిగిన నష్టం గురించి, 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం గురించి మనం ఎంతో చర్చించాం. మరమగ్గం నడిపేవాడి చెవి గురించి అంతగా చర్చించలేదు.

3. పదిమంది వినే పాట నుంచి ఒంటరి పాటకు

హిందూపురానికి దగ్గరలో ఉన్న లేపాక్షి ఆలయాన్ని గుర్తుచేసుకోండి. 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ రాజ్యాధికారి విరూపణ్ణ దాన్ని కట్టించాడు. నాట్యమండపం స్తంభాల మీద రంభ నర్తిస్తుంటుంది, తుంబురుడు వీణ వాయిస్తుంటాడు, బ్రహ్మ మద్దెల పట్టుకుంటాడు. ఆ మండపంలో సంగీతం అంటే పదిమంది కలిసి వినేది. శబ్దం ఎంత ఉండాలో వాయించేవారు నిర్ణయించేవారు. ఆట ముగిస్తే చెవికి విశ్రాంతి. తరవాత వచ్చిన గ్రామఫోను, పంచాయతీ రేడియో, టూరింగ్ టాకీసులు కూడా చాలావరకు ఈ పద్ధతినే కొనసాగించాయి.

హెడ్‌ఫోన్ మొదట వినోద వస్తువు కాదు, పనిముట్టు. 1910 ప్రాంతంలో అమెరికాలో నథానియల్ బాల్డ్విన్ తయారుచేసిన హెడ్‌ఫోన్లను నౌకాదళం రేడియో సందేశాలు వినడానికి కొన్నది. 1958లో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్‌తో దాన్ని సంగీతానికి మళ్ళించాడు. 1979లో సోనీ వాక్‌మన్ పాటను జేబులోకి తెచ్చింది. 2001లో ఐపాడ్ వెయ్యి పాటలను జేబులో పెట్టింది. ఆ తరవాత సెల్‌ఫోన్ ఆ సౌకర్యాన్ని మగ్గం దగ్గరికీ తెచ్చింది.

ఇక్కడ ఒక సామాజిక మార్పు గమనించాలి. మైకు గట్టిగా మోగితే పక్కింటివారు వచ్చి అడుగుతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటరాదు. ఈ నియమం కాపాడేది పొరుగువాడి చెవిని. హెడ్‌ఫోన్ విషయంలో పొరుగువాడికి బాధ లేదు కాబట్టి అడిగేవారూ లేరు. అంటే శబ్దాన్ని అదుపు చేసే బాధ్యత సమాజం నుంచి వ్యక్తి మీదికి మారింది.

4. చెవి లెక్క

లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారపు కాక్లియా ఉంటుంది. అందులో పుట్టుకతో సుమారు 15,000 రోమ కణాలు ఉంటాయి. పెద్ద శబ్దానికి ఇవి నశిస్తే మనిషిలో మళ్ళీ పుట్టవు. మొదట దెబ్బతినేది 4,000 హెర్ట్జ్ ప్రాంతం. అందువల్ల మాట వినబడుతుంది కానీ స, శ, ఫ వంటి హల్లులు తేలవు. ‘వినబడుతోంది, అర్థం కావడం లేదు’ అనే ఫిర్యాదుకు ఇదే మూలం.

శబ్దం 3 డెసిబెళ్ళు పెరిగితే దాని శక్తి రెట్టింపు అవుతుంది. 85 డెసిబెళ్ళకు రోజుకు 8 గంటలు హద్దు అనుకుంటే, 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి 1 గంట, 100కి 15 నిమిషాలు మాత్రమే. ఫ్యాక్టరీల చట్టం కింద వచ్చిన మన ఫ్యాక్టరీ నియమాలు 8 గంటలకు 90 డెసిబెళ్ళ దాకా అనుమతించాయి. వ్యక్తిగత సంగీత పరికరాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు పెద్దలకు వారానికి 80 డెసిబెళ్ళ చొప్పున 40 గంటలు.

ఒక ఉదాహరణ చూద్దాం. షెడ్డులో హోరు 94 డెసిబెళ్ళు అనుకుందాం. దాని మీద పాట వినబడాలంటే వదులుగా ఉండే ఇయర్‌ఫోన్‌లో 97 దాకా పెంచాలి. రెండూ కలిసి చెవికి చేరేది 98కి పైనే. ఆ రోజుకు హద్దు సుమారు 20 నిమిషాలు. షిఫ్టు మాత్రం 8 గంటలు! ఇక్కడ తప్పు పాటది కాదు. పాట హోరును ఆపలేదు, దానికి తోడైంది.

5. చట్టం ఆగిన చోటు

2025 నవంబరు దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం, 1948 మూడవ షెడ్యూలులో శబ్దం వల్ల వచ్చే వినికిడి నష్టం తెలియపరచవలసిన వృత్తి రోగంగా ఉండేది. పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా కార్ల కర్మాగారం వంటిది ఈ చట్టం కిందికి వచ్చేది. కానీ విద్యుత్తుతో నడిచే పనిస్థలంలో కనీసం పదిమంది ఉంటేనే ఆ చట్టం ఫ్యాక్టరీగా గుర్తించింది. ఇంటి వెనుక రేకుల షెడ్డులో నాలుగు మగ్గాలు నడిపే కుటుంబం ఆ లెక్కలోకి రాలేదు. ఇద్దరి చెవులూ ఒకటే, వారిని వేరుచేసింది గోడ మీది బోర్డు.

6. ఒక అనుభవం

మౌఖిక చరిత్ర చదివేవారికి నా అనుభవం ఒకటి చెప్పాలి. నేను అధ్యాపకుడిగా ఉన్న రోజుల్లో ధర్మవరం నేతపనివారి జ్ఞాపకాలను క్యాసెట్లలో రికార్డు చేశాను. వెనకనుంచి మగ్గం చప్పుడు. మాట పట్టుకోవడానికి హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దం పెంచి, రాత్రుళ్ళు రాసుకునేవాణ్ణి. పడుకున్నాక చెవిలో గుయ్యిమనేది. అలసట అనుకున్నాను. పదవీ విరమణ తరవాత అవే క్యాసెట్లు వింటే మాటలు ముద్దముద్దగా వినిపించాయి. టేపు పాడైందనుకున్నాను. పక్కన ఉన్న మనవరాలు, “బాగానే వినపడుతోంది కదా తాతా!” అంది. పరీక్షలో 4,000 హెర్ట్జ్ దగ్గర గీత కిందికి దిగింది. అందులో వయసు వాటా ఎంత, హెడ్‌ఫోన్ వాటా ఎంత అని విడదీయలేమని డాక్టరు అన్నారు. ఇప్పుడు నేను సేకరించిన ఆధారాన్ని నేనే చదవలేను. చరిత్రకారుడికి కళ్ళెంతో చెవులూ అంతేనని నాకు ఆలస్యంగా తెలిసింది.

7. మనం చేయగలిగినవి

ముందు హోరును తగ్గించాలి, తరవాతే పాట. షెడ్డులో చెవిని బిగుతుగా మూసే ఇయర్‌ప్లగ్ వాడాలి. దూది దాదాపుగా రక్షణ ఇవ్వదు. పాటను షెడ్డు బయట, విరామంలో వినండి. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హాయిగా వినబడే శబ్దస్థాయిని గుర్తుపెట్టుకోండి. బస్సులో, రైల్లో దాన్ని దాటవద్దు. అక్కడ వినబడకపోతే పాఠాన్ని పుస్తకంలో చదవండి. పని దిగాక చెవిలో హోరు, మొద్దుబారినట్లు ఉండడం హెచ్చరికలు. అవి రెండు రోజులకు మించి ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి చెవి, ముక్కు, గొంతు విభాగంలో పరీక్ష చేయించుకోండి.

8. సారాంశం

కంసాలి సుత్తితో మొదలైన వినికిడి నష్టపు చరిత్ర బాయిలర్లు, మిల్లుల మీదుగా మరమగ్గానికి చేరింది. హెడ్‌ఫోన్ సంగీతాన్ని ఒంటరి వ్యవహారం చేసి, అదుపును వినేవారి వేలికి అప్పగించింది. చట్టం చిన్న షెడ్డు గడప దగ్గర ఆగింది. అందువల్ల అక్కడ తొలి రక్షణ తెలిసి నడుచుకోవడమే.

అభ్యాసం: మీ ఊరిలో ఇరవై ఏళ్ళకు పైగా మరమగ్గం నడిపిన ఒకరితో మాట్లాడి, వారి వినికిడి ఎప్పుడు, ఎలా మారిందో ఒక పేజీ రాయండి. మగ్గం ఆపాక వెళ్ళండి. వారికి ఎదురుగా, మీ పెదవులు కనిపించేలా కూర్చోండి. ఏ చెవి బాగా వినబడుతుందో ముందే అడగండి.