తలాఖ్ తరువాత బిడ్డ ఎవరి దగ్గర? తండ్రి హక్కు – దాని చరిత్ర



మన వైపు ఒక కాపురం చెడినప్పుడు జమాత్ పెద్దలు కూర్చొని ముందు మహర్ సంగతి, తరువాత జహేజు సామాన్ల సంగతి మాట్లాడుతారు. మంచం, బీరువా, గిన్నెలు అన్నీ లెక్కబెట్టి పట్టీ వ్రాస్తారు. ఆఖరున బిడ్డ సంగతి వస్తుంది. తండ్రి వైపువారు "మా వంశం బిడ్డ, మాకే చెందాల" అంటారు. తల్లి వైపువారు "కని పెంచింది మేము, ఇచ్చేది లేదు" అంటారు. ఇద్దరూ షరియత్ తమ వైపే వుందంటారు. కితాబు తెరచి చూచినవారు మాత్రం తక్కువ. అందుకని షరియత్ ఏమి చెప్పింది, కోర్టులు దాన్ని ఎట్లా అమలు జరిపినాయి, ఈనాడు ఒక తండ్రికి బిడ్డ దక్కే అవకాశం ఎంత అన్నది వరుసగా చెప్పుకుందాము.

ముందుగా రెండు మాటలు తెలుసుకోవాలి. ఒకటి హిజానత్, అంటే బిడ్డను దగ్గర వుంచుకొని సాకడం. రెండవది విలాయత్, అంటే బిడ్డ ఆస్తికీ, చదువుకూ, పెండ్లికీ బాధ్యుడై వుండడం. హిజానత్ మొదట తల్లిది. విలాయత్ తండ్రిది. ఖర్చు కూడా తండ్రిదే. బిడ్డ తల్లి దగ్గర వున్నంత మాత్రాన తండ్రి విలాయత్ పోదు. తండ్రికి విలాయత్ వున్నంత మాత్రాన బిడ్డను తల్లి ఒడిలోనుండి లాక్కొని పోయే అధికారం రాదు. మన పంచాయితీలలో తగవంతా ఈ రెండింటినీ కలిపి ఒకటిగా చూడడం వల్లనే వస్తున్నది.

ఇస్లాం చరిత్రలో దీనికి గొప్ప నిదర్శనం హజ్రత్ ఉమర్ (రజి) వారిదే. ఆయన మదీనా అన్సారులకు చెందిన తన భార్యతో విడిపోయినారు. వారికి ఆసిం అనే కుమారుడు. ఒకనాడు ఆయన ఖుబాకు పోయినప్పుడు ఆ పిల్లవాడు మసీదు ఆవరణలో ఆడుకుంటూ కనిపించినాడు. తండ్రి ప్రేమ ఆగలేదు. పిల్లవాణ్ణి ఎత్తి తన వాహనం మీద కూర్చోబెట్టుకున్నారు. ఇంతలో పిల్లవాని నానీ వచ్చి అడ్డుపడింది. తగవు ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) ముందుకు పోయింది. వీడు నా కొడుకని ఈయన, నా బిడ్డ అని ఆమె. బిడ్డను ఆమెకే వదలమని ఖలీఫా తీర్పు చెప్పినారు. హజ్రత్ ఉమర్ మారుమాట పలుకలేదని ఇమాం మాలిక్ గారి మువత్తాలో వున్నది. ఉమర్ అంతటి మనిషి తీర్పు విని ఊరకుంటే, పిల్లల్ని రాత్రికి రాత్రి ఊరు దాటించే మన తండ్రులను గూర్చి ఏమనుకోవాల?

అట్లాగని తండ్రికి ఎప్పటికీ హక్కు లేదని కాదు. మన వైపు ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్హబ్ ప్రకారం మగబిడ్డ 7 ఏండ్ల వరకు, ఆడబిడ్డ ఈడేరే వరకు తల్లి దగ్గర వుండాలి. తరువాత తండ్రి దగ్గరకు రావాలి. తల్లి బిడ్డకు పరాయివాడైన మనిషిని మళ్లీ పెండ్లాడితే ఆమె హక్కు నానీ మొదలైన ఆడవారికి పోతుంది. షాఫయీ మజ్హబ్‌లో బిడ్డకు తెలివి వచ్చిన తరువాత ఎవరి దగ్గర వుంటావని బిడ్డనే అడుగుతారు. మాలికీలు ఆడబిడ్డను పెండ్లి వరకు తల్లి దగ్గరే వుంచుతారు. ఇన్ని తేడాలున్నా, సాకే చేతుల్లో బిడ్డ పెరగాలన్న మూలం ఒక్కటే.

ఈ ఫిఖహ్ మన ప్రాంతపు కోర్టుల్లోకి ఎట్లా వచ్చిందో చూద్దాము. మన గుర్రంకొండ టిప్పు సుల్తాన్ మేనమామ మీర్ అలీ రజా ఖాన్ ఏలిన కోట. 1791లో నిజాం సేనలు, కంపెనీ ఫిరంగులు ఈ కోటను ముట్టడించినాయి. సరిగ్గా అదే ఏడు లండనులో హనఫీ న్యాయగ్రంథమైన హిదాయాకు చార్లెస్ హామిల్టన్ చేసిన ఇంగ్లీషు అనువాదం అచ్చయింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి దత్తం చేసినాడు. కోట పోయింది, పుస్తకం వచ్చింది. మొదట్లో ఇంగ్లీషు జడ్జీల పక్కన ముస్లిం న్యాయాధికారులు కూర్చొని షరియత్ చెప్పేవారు. 1864 చట్టంతో ఆ పదవులు రద్దయినాయి. అప్పటినుండి జడ్జీలు అనువాద గ్రంథాలను చూచుకొనే తీర్పులిచ్చినారు.

1890లో గార్డియన్ అండ్ వార్డ్స్ చట్టం వచ్చింది. ఇది ఈనాటికీ అమలులో వున్నది. దీని 17వ సెక్షన్ బిడ్డకు వర్తించే మతధర్మాన్ని చూడమంటూనే, బిడ్డ సంక్షేమాన్ని చూడమన్నది. బిడ్డ వయసు, ఆడా మగా, మతం, అడిగేవారి నడవడి, శక్తి అన్నీ చూడాలి. ఊహ తెలిసిన బిడ్డ అయితే వాని ఇష్టాన్నీ అడగవచ్చు. 1918లో ఇమాంబందీ కేసులో ప్రివీ కౌన్సిల్, తల్లికి బిడ్డను కొంత వయసు దాకా దగ్గర వుంచుకునే హక్కే గాని, ఆస్తికి ఆమె గార్డియన్ కాదని, తండ్రే గార్డియన్ అని చెప్పింది. 1937 షరియత్ చట్టం గార్డియన్ వ్యవహారాలను కూడా షరియత్ కిందికి తెచ్చింది.

కాగితం మీద చూస్తే తండ్రి బలమే ఎక్కువగా కనపడుతుంది. కాని స్వాతంత్ర్యం తరువాత తక్కెడ క్రమంగా బిడ్డ వైపు మొగ్గింది. 1973లో సుప్రీంకోర్టు, పిల్లలు తల్లిదండ్రుల సొత్తు కాదని, తండ్రి యోగ్యుడైనంత మాత్రాన బిడ్డ మేలును పక్కన పెట్టలేమని చెప్పింది. 2010లో తల్లి చనిపోయిన ముస్లిం పిల్లల కేసు ఆ కోర్టుకే వచ్చింది. తండ్రి మళ్లీ పెండ్లి చేసుకున్నాడు. గార్డియన్ హక్కు వేరు, దగ్గర వుంచుకోవడం వేరు అని చెప్పి, అసలు కేసు తేలేవరకు పిల్లలను తల్లి వైపువారి దగ్గరే వుంచింది. 2019 చట్టం ఒకేసారి చెప్పే మూడు తలాఖులను చెల్లవన్నది, 3 ఏండ్ల వరకు ఖైదు విధించింది. అట్లా తలాఖ్ చెప్పించుకున్న స్త్రీకి, మేజిస్ట్రేటు నిర్ణయించే తీరున, మైనరు పిల్లలను దగ్గర వుంచుకునే హక్కునూ ఇచ్చింది. కోపంలో మూడు మాటలు అనే మనిషి తన బిడ్డను కూడా పోగొట్టుకొంటున్నాడన్న మాట.

మరి తండ్రికి అవకాశమే లేదా? వుంది. బిడ్డ 7 దాటి తండ్రి దగ్గరే చదువుకుంటూ వుంటే, తల్లి బిడ్డను పట్టించుకోకపోతే, బిడ్డ తనంతట తాను నాన్న దగ్గరుంటానంటే కోర్టు తప్పక ఆలోచిస్తుంది. కాని జడ్జి అడిగే ప్రశ్న ఒకటుంది. పొద్దున లేపి, అన్నం పెట్టి, బడికి పంపేది ఎవరు? మన వైపునుండి కువైట్‌కు పోయిన తండ్రులు ఎందరో వున్నారు. ఆయన అక్కడ, బిడ్డ ఇక్కడ దాదీ దగ్గర అంటే, తల్లి ఒడి వుండగా దాదీ ఎందుకని కోర్టు అడగదా? డబ్బు ఎక్కువ వుండడం ఒక్కటే చాలదు.

కాబట్టి తండ్రులకు నా మనవి. పిటిషన్ బిడ్డ మామూలుగా వుండే ఊరి జిల్లా కోర్టులో గాని, ఫ్యామిలీ కోర్టు వుంటే అందులో గాని వేయాలి. అంతకు ముందు మనోవర్తి నెలనెలా పంపండి, రసీదు దాచండి. బిడ్డ తల్లి దగ్గరున్నా పోషణ భారం తండ్రిదేనని 1997లో సుప్రీంకోర్టు ముస్లిం తండ్రుల విషయంలోనే తేల్చింది. బడి ఫీజు మీరే కట్టండి. బిడ్డ పూర్తిగా దక్కకపోయినా ఆదివారాలు, సెలవులు, పండుగ రోజులు కలిసే హక్కు అడిగితే సాధారణంగా దొరుకుతుంది. దాన్ని చిన్నచూపు చూడవద్దు. బిడ్డ మనసు ఆ గంటల్లోనే కట్టుబడుతుంది.

తల్లులకూ ఒక మాట. తండ్రిని చూడనివ్వకుండా బిడ్డను దాచడం హిజానత్ కాదు. బిడ్డ కారణంగా తల్లి గాని తండ్రి గాని కష్టపెట్టబడరాదని ఖుర్ఆన్ బఖరా సూరా ఇద్దరికీ చెప్పింది.

జమాత్ పెద్దలు సామాన్ల పట్టీ వ్రాసే కాగితంలోనే బిడ్డ ఎవరి దగ్గర, ఖర్చు ఎంత, చూపు ఏ రోజుల్లో అని కూడా వ్రాయించాలి. ఆ కాగితం కోర్టును కట్టివేయదు గాని, ఇద్దరి మంచి మనసుకు సాక్ష్యంగా నిలుస్తుంది. బీరువా గురించి గంటసేపు మాట్లాడినవారు బిడ్డ గురించి రెండు గంటలు మాట్లాడితే తప్పేమి?

ఏ ఇంటి బిడ్డా రెండు ఇండ్ల మధ్య నలగకుండా అల్లాహ్ కాపాడుగాక. ఆమీన్.