ఒక బాల్యస్నేహం, ఒక నవల

మృత్యువును ముఖాముఖి ప్రశ్నించిన బాలుడిగా నచికేతుడు మన వాఙ్మయంలో ప్రసిద్ధుడు. అతడు అడిగినది మరణానంతర రహస్యం. నిన్నటిదాకా తనతో ఆడుకున్న నేస్తం ఈనాడు ఎందుకు లేదని అడిగే పిల్లవాడి ప్రశ్న వేరు. దానికి బదులు చెప్పవలసిన భారం ఇంట్లోని పెద్దలపై పడుతుంది. అమెరికన్ రచయిత్రి కాథరీన్ పాటర్సన్ 1977లో ప్రచురించిన ‘బ్రిడ్జ్ టు టెరబితియా’ అటువంటి బదులు దొరకని ఒక తల్లి రచించిన బాలల నవల.

పాటర్సన్ 1932లో చైనాలో క్రైస్తవ మిషనరీల ఇంట జన్మించారు. జపానులో నాలుగేళ్లు పనిచేశారు. తరువాత ఆమె కుటుంబం వాషింగ్టన్ నగరానికి ఆనుకుని ఉన్న టకోమా పార్క్‌లో నివసించింది. అక్కడి బడిలో ఆమె కుమారుడు డేవిడ్‌కు లీసా ప్రాణస్నేహితురాలు. 1974 ఆగస్టులో సముద్రతీరాన పిడుగుపాటుకు ఆ ఎనిమిదేళ్ల బాలిక మరణించింది. అదే ఏడాది పాటర్సన్ స్వయంగా క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకుని ఉన్నారు.

కుమారుడి దుఃఖానికి అర్థం వెతుకుతూ ఆమె కలం పట్టారు. నవలలో జెస్ అనే పల్లెటూరి బాలుడు, ఆ ఊరికి కొత్తగా వచ్చిన లెస్లీ కలిసి వాగు అవతలి అడవిలో ఒక ఊహారాజ్యాన్ని కల్పించుకుంటారు. చెట్టుకు వేలాడే తాడు పట్టుకుని ఊగుతూ వాగు దాటటమే దానికి దారి. లెస్లీ మరణించే ఘట్టం వద్ద రచన ఆగిపోయింది. లీసా మరణాన్ని మళ్లీ అనుభవించలేకపోతున్నానని పాటర్సన్ ఒక మిత్రురాలితో చెప్పుకున్నారు. ఆమె ఎదుర్కోలేనిది లీసా మరణాన్ని కాదు, తన మరణాన్నేనని ఆ మిత్రురాలు అన్నారట. ఆ మాట తరువాతనే అధ్యాయం పూర్తయింది. రాతప్రతి చదివిన సంపాదకురాలు వర్జీనియా బక్లీ, ఇది మరణకథా, స్నేహకథా అని అడిగారు. మరణకథే రాస్తున్నానని అంతవరకు భావించిన రచయిత్రి, స్నేహకథగా దానిని తిరగరాశారు.

వాస్తవంలోని పిడుగు నవలలో తెగిన తాడైంది. ఆనాడు జెస్ తనకు ఇష్టమైన సంగీత ఉపాధ్యాయురాలితో వాషింగ్టన్‌లో చిత్రశాల చూడటానికి వెళ్లాడు. లెస్లీని కూడా పిలుద్దామని అడగలేదు. ఆమె ఒంటరిగా వాగు దాటబోయింది. నవలకు ఆయువుపట్టు ఇక్కడే ఉంది. జెస్ దుఃఖంలో ఆదర్శబాలుడిగా ప్రవర్తించడు. మరణవార్తను నమ్మడు, చెల్లెలిని కొడతాడు, లెస్లీ కానుకగా ఇచ్చిన రంగులను నీటిలో విసిరేస్తాడు, ప్రాణమిత్రురాలిని పోగొట్టుకున్నవాడిగా బడిలో తనకు దక్కే ప్రత్యేకతను కూడా ఒక క్షణం ఊహించుకుంటాడు. పిల్లల శోకంలోని ఈ నిజాయితీని దాచకపోవటం సాహసమే.

1978లో ఈ నవలకు న్యూబెరీ పతకం లభించింది. మరణప్రస్తావన, భాష మొదలైన కారణాలు చూపి అమెరికాలో కొన్ని పాఠశాలల నుంచి దీనిని తొలగించాలని కోరినవారూ ఉన్నారు. తెలుగు పాఠకులకు ‘రైలుబడి’గా పరిచితమైన తెత్సుకో కురొయనాగి రచనలోనూ (1981) పోలియో సోకిన నేస్తం యసువాకి మరణిస్తాడు, అతడు చదవమని ఇచ్చిన పుస్తకం తొత్తోచాన్ వద్దే ఉండిపోతుంది. ఆ పుస్తకాన్ని మన ఇళ్లలో పిల్లలు ఇష్టంగానే చదివారు.

పాటర్సన్ తన నవలను మొదట డేవిడ్‌కే అంకితమివ్వదలచారు. చదివిన తరువాత లీసా పేరు కూడా చేర్చమని అతడు కోరాడు. ఇద్దరి పేర్లతో ఉన్న ఆ అంకితం ‘బన్‌జాయ్’ అనే జపనీయ జయధ్వానంతో ముగుస్తుంది. 2007లో వెలువడిన చలనచిత్రానికి చిత్రానువాదం రాసినవారిలో డేవిడ్ ఒకరు.